వార్త ఏ మజిలీలో ఆగింది? ఫిడోనెట్ కాలపు అభివృద్ధి వార్తలు: సమస్య - పరిష్కారం

జెనీవాలోనో న్యూయార్క్‌లోనో జరిగిన అప్పుల చర్చ, విత్తనాల ఒప్పందం, కరువు సాయం ప్రకటన తర్వాతి రోజుకల్లా హరారేలోని ఒక చిన్న సంస్థకు తెలియాలి. 1990ల మొదట్లో ఆఫ్రికాలో చాలాచోట్ల ఇంటర్నెట్ లేదు. అయినా ఈ పని జరిగింది. ఒక పాత పీసీ, దాని మాటను ఫోన్ తీగ మీద పంపే మోడెమ్ అనే పెట్టె, ఒక ఫోన్ లైన్‌తో జరిగింది.

దారి ఇలా ఉండేది. 1984లో అమెరికాలో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టిన ఫిడోనెట్‌లో కంప్యూటర్లు రోజంతా కలిసి ఉండవు. ఒకటి ఇంకొకదానికి ఫోన్ చేస్తుంది, ఉత్తరాల మూట ఇచ్చి, తనకు రావాల్సిన మూట తీసుకుని పెట్టేస్తుంది. రైల్లో తపాలా సంచులు స్టేషన్ స్టేషన్‌కీ దించి ఎక్కించినట్టే. మరోవైపు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఐజీసీ, లండన్‌లోని గ్రీన్‌నెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్కులు 1987లో అట్లాంటిక్ దాటి చేతులు కలిపాయి. 1990లో బ్రెజిల్, నికరాగువా, కెనడా, స్వీడన్, ఆస్ట్రేలియా నెట్‌వర్కులతో కలిసి ఏపీసీ అనే కూటమిగా ఏర్పడ్డాయి. ఇంటర్ ప్రెస్ సర్వీస్ వార్తలు, పర్యావరణ సంస్థల ప్రకటనలు, ఐక్యరాజ్యసమితి పత్రాలు ఏపీసీ కాన్ఫరెన్సుల్లో (కంప్యూటర్ మీది చర్చా వేదికల్లో) చేరేవి. అక్కడి నుంచి గ్రీన్‌నెట్ గేట్‌వే (రెండు నెట్‌వర్కులను కలిపే కంప్యూటర్) ద్వారా నైరోబీ, హరారే, అడిస్ అబాబా వంటి ఊళ్లలోని ఫిడో నోడ్‌లకు, అంటే మూటలు అందుకునే కంప్యూటర్లకు, వెళ్లేవి.

ఆ పద్ధతిని పాత యంత్రాల మీద మళ్లీ నడిపి చూడాలనుకునేవారికీ, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే చోట్లకు ఈరోజు సమాచారం పంపుతున్నవారికీ ఈ గైడ్ పనికొస్తుంది. వార్తకు నాలుగు మజిలీలు: రాసినవారి నుంచి గేట్‌వే, గేట్‌వే నుంచి దేశంలోని నోడ్, నోడ్ నుంచి సంస్థ కంప్యూటర్, అక్కడి నుంచి మనుషులు. ఏ మజిలీలో ఆగిందో తేల్చకుండా మోడెమ్ సెట్టింగులు మార్చడం మొదలుపెడితే, బాగున్నది కూడా పాడవుతుంది. చివరిగా వచ్చిన మూట ఏ తేదీదో లాగ్‌లో చూడండి. మూట వచ్చి ఉంటే లైన్ జోలికి వెళ్లకండి.

లైన్ కలవడం లేదు

మోడెమ్ డయల్ చేయకముందే "డయల్‌టోన్ లేదు" అంటోంది, కానీ ఫోన్ ఎత్తి వింటే టోన్ చక్కగా వస్తోంది. కారణం చాలాసార్లు చిన్నదే. మోడెమ్ అమెరికా ఎక్స్ఛేంజ్‌ల టోన్ కోసం ఎదురుచూస్తుంది, ఆ ఊరి ఎక్స్ఛేంజ్ టోన్ వేరు. డయల్ కమాండ్‌కు ముందు ఏటీఎక్స్3 ఇస్తే మోడెమ్ టోన్ కోసం ఆగకుండా నంబరు కొడుతుంది. పాత ఎక్స్ఛేంజ్ అయితే టోన్ డయలింగ్‌ను అర్థం చేసుకోదు. ఏటీడీటీ బదులు ఏటీడీపీతో పల్స్ డయలింగ్ వాడాలి. ఆఫీసు లైన్‌కి బయటి లైన్ కోసం ముందు 9 నొక్కాల్సి వస్తే, ఆ 9 తర్వాత ఒక కామా పెట్టాలి. కామా అంటే కాసేపు ఆగమని.

నంబరు కొట్టింది, అవతల మోగింది, అవతలి మోడెమ్ కూత కూడా వినిపించింది, అయినా మన మోడెమ్ పెట్టేసింది. ఇక్కడ చూడాల్సింది ఎస్7 రిజిస్టర్. అవతలి క్యారియర్ (మోడెమ్ పంపే సంకేతం) కోసం ఎన్ని సెకన్లు ఆగాలో అది చెబుతుంది. చాలా మోడెమ్‌లలో ఫ్యాక్టరీ విలువ 30 లేదా 50. ఊళ్లో కాల్‌కు అది చాలు. ఖండం దాటే కాల్ కలవడానికే అంత సమయం పట్టేస్తుంది, అందుకే 90 లేదా 120 పెట్టాలి.

ఏమీ మార్చకుండానే నిన్నటిదాకా కలిసిన లైన్ ఇవాళ కలవకపోతే, రాత్రి ఉరుములు వచ్చాయా అని అడగండి. పిడుగు పడ్డప్పుడు కరెంటు తీగకంటే ఫోన్ తీగ వెంట వచ్చే దెబ్బకే మోడెమ్‌లు ఎక్కువగా పోతాయి. యూపీఎస్ కొని ఫోన్ తీగను వదిలేసిన ఆఫీసుల మీద జాలేస్తుంది. మబ్బు పట్టగానే ఫోన్ జాక్ పీకేయడం అన్నిటికంటే చవకైన రక్షణ.

కలుస్తోంది, కానీ మధ్యలో తెగిపోతోంది

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినే జబ్బు ఇదే. దీన్ని కొంచెం ఓపికగా చూడాలి.

40 కిలోబైట్ల వార్తల మూట, సెకనుకు 2400 బిట్ల వేగం మోడెమ్ అనుకుందాం. ఆ వేగంలో సెకనుకు దాదాపు 240 అక్షరాలు వెళ్తాయి. అంటే మూట మొత్తానికి దాదాపు మూడు నిమిషాలు. రెండున్నర నిమిషాల దగ్గర లైన్ తెగిందనుకోండి. ఎక్స్‌మోడెమ్ వంటి పాత ప్రోటోకాల్ (ఫైలు పంపే పద్ధతి) అయితే మళ్లీ మొదటి నుంచీ పంపాలి. ఇంకో ఇంటర్నేషనల్ కాల్, ఇంకో మూడు నిమిషాలు.

ఎక్స్‌మోడెమ్‌కి ఇంకో లోపం ఉంది. అది 128 బైట్ల ముక్క పంపి, "అందింది" అనే జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చుంటుంది. ఆ ముక్క వెళ్లడానికి అర సెకను పైచిలుకు. కాల్ శాటిలైట్ మీదుగా పోతుంటే సంకేతం వెళ్లి రావడానికే మరో అర సెకను. అంటే కాల్‌లో దాదాపు సగం సమయం మౌనానికే బిల్లు కడుతున్నాం. చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో రాసిన జడ్‌మోడెమ్ ఈ రెండిటినీ తీర్చింది. జవాబు కోసం ఆగకుండా వరసగా పంపుతూ పోతుంది. లైన్ తెగితే తర్వాతి కాల్‌లో ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. మీ మెయిలర్‌లో (మూటలు పంపి తెచ్చే ప్రోగ్రాములో) ఇది ఆన్ అయిందో లేదో ముందు చూడండి. దీనికంటే ఎక్కువ డబ్బు మిగిల్చే మార్పు నాకు తెలిసి లేదు.

అయినా తెగుతుంటే వేగం తగ్గించండి. 14,400 మోడెమ్ కొన్నాం కాబట్టి అంతా రావాలనే పట్టుదల వద్దు. గరగరలాడే లైన్ మీద 2400 వేగంతో ఎర్రర్ కరెక్షన్ ఉన్న మోడెమ్, పరుగెత్తి పడిపోయే మోడెమ్ కంటే ముందు పని ముగిస్తుంది. క్యారియర్ ఒక్క క్షణం మాయమైతే చాలు లైన్ పెట్టేస్తున్న మోడెమ్‌కి ఎస్10 విలువ పెంచాలి. సాధారణంగా అది 14, అంటే 1.4 సెకన్లు. 50 దాకా పెంచితే చిన్న చిన్న అంతరాయాలు దాటిపోతాయి. అదే లైన్‌కి ఇంకో గదిలో ఎక్స్‌టెన్షన్ ఉంటే, రాత్రి కాల్ సమయంలో దాన్నెవరూ ఎత్తకుండా చూడండి.

ఫోన్ లైనే లేని చోట్ల సాటెలైఫ్ సంస్థ మరో దారి పట్టింది. భూమికి దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే చిన్న ఉపగ్రహం మూటను ఒకచోట ఎక్కించుకుని, ఇంకో చోట పైనుంచి పోతున్నప్పుడు దించేది. వైద్యుల కోసం హెల్త్‌నెట్ అనే నెట్‌వర్క్ అలా నడిచింది. అక్కడ మూట రాలేదంటే ముందు చూడాల్సింది కంప్యూటర్ గడియారం. ఉపగ్రహం తలపై ఉండేది కొద్ది నిమిషాలే. గడియారం తప్పితే ఆ పూటకు అది వెళ్లిపోయినట్టే. ఫోన్ మీద నడిచే నోడ్‌లకూ ఇదే జాగ్రత్త. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ 1980కి పోతే, రాత్రి షెడ్యూల్ కాల్ జరగదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఫోన్ బిల్లు భరించలేకపోతున్నాం

ముందు మూటను జిప్ చేస్తున్నారా లేదా చూడండి. మామూలు వార్తల టెక్స్ట్ జిప్‌తో సగానికంటే చిన్నదవుతుంది. రెండోది, ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారు? ఒకే రెండు ఊళ్ల మధ్య కాల్‌కు ఒకవైపు నుంచి రేటు ఎక్కువ, ఇంకోవైపు నుంచి తక్కువ ఉండేది. తక్కువ ఉన్నవైపు నుంచే పిలిపించుకుని, ఖర్చు తర్వాత లెక్క చూసుకోవడం మేలు. మూడోది, ఒకే ఊళ్లో పది సంస్థలు విడివిడిగా లండన్‌కు ఫోన్ చేయనక్కర్లేదు. ఒక నోడ్ తెప్పించుకుంటే మిగతావాళ్లు లోకల్ కాల్‌తో తీసుకుంటారు. హరారేలో మ్యాంగో అనే నెట్‌వర్క్, నైరోబీలో ఎన్విరాన్‌మెంట్ లియాజన్ సెంటర్ చేసింది ఇదే.

ఉత్తరం తిరిగొస్తోంది, సగమే వస్తోంది, రెండుసార్లు వస్తోంది

తిరిగొస్తే చిరునామా చూడండి. ఫిడో చిరునామాలో జోన్, నెట్, నోడ్, పాయింట్ అనే అంకెలుంటాయి (అప్పట్లో ఆఫ్రికాది 5వ జోన్). ఇంటర్నెట్ వైపు నుంచి రాసేటప్పుడు అవే అంకెలు వెనక నుంచి ముందుకు వస్తాయి: పాయింట్, నోడ్, నెట్, జోన్. ఒక్కటి తారుమారైనా ఉత్తరం వెనక్కే.

సగమే వస్తే నిడివి కారణం. చాలా ఫిడో ప్రోగ్రాములు 16 కిలోబైట్లు దాటిన ఉత్తరాన్ని కోసేసేవి. పెద్ద పత్రాన్ని మీరే ముక్కలు చేసి, ప్రతి ముక్క మీద "5లో 2" అని రాసి పంపండి. చదివేవాళ్లకు ఏది రాలేదో తెలుస్తుంది.

రెండుసార్లు వస్తుంటే, ఎవరో ఒకే ఎకోను (ఫిడోలో అందరికీ చేరే చర్చా వేదికను) రెండు చోట్ల నుంచి తెచ్చుకుంటున్నారని అర్థం. ఒకదాన్ని ఆపాలి. కాల్‌కి డబ్బు కట్టే చోట డూప్లికేట్ అంటే విసుగు మాత్రమే కాదు, నష్టం కూడా.

ఫ్రెంచ్ అక్షరాల మీది గుర్తులు పిచ్చి గీతలుగా వస్తే దారిలో ఏదో యంత్రం ఏడు బిట్లే దాటనిస్తోందని అర్థం. ఫైలును యూయూఎన్‌కోడ్ చేసి, అంటే మామూలు ఏడు బిట్ల అక్షరాలుగా మార్చి, పంపితే అక్షరాలు దక్కుతాయి, కానీ నిడివి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. తెలుగు వంటి భాషలకైతే ఆ దారి కూడా సరిగ్గా లేదు. భారతీయ లిపుల కోసం ఐఎస్‌సీఐఐ అనే ప్రమాణం ఉన్నా, అవతలి మనిషి దగ్గర దాన్ని చూపించే యంత్రం ఉండాలి కదా. అందుకే ఇంగ్లీషు రానివాళ్లకు ఆ తెర మీద చోటు దొరకలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

కంప్యూటర్‌లోకి వచ్చింది, మనుషులకు తెలియలేదు

నా దృష్టిలో అసలు జబ్బు ఇది. లాగ్ చూస్తే మూటలన్నీ వచ్చాయి. డిస్క్ నిండిపోయింది. పక్క ఊరి సంఘాన్ని అడిగితే ఏ వార్తా తెలియదు.

మొదటి కారణం, రాశి. 1992లో రియోలో భూగోళ శిఖరాగ్ర సభ జరిగినప్పుడు బ్రెజిల్ సంస్థ ఇబాసే నడిపే ఆల్టర్‌నెక్స్ నెట్‌వర్క్ సభా ప్రాంగణంలోనే కంప్యూటర్లు పెట్టింది. అక్కడికి రాలేని సంఘాలకు కూడా పత్రాలు అందాయి. గొప్ప పని. కానీ బ్రాకెట్లతో, సవరణలతో నిండిన ముసాయిదాను నీళ్ల కోసం పోరాడే ఒక చిన్న సంఘం ఏం చేసుకుంటుంది? అదే ఏడాది ఈ చర్చల కోసం మొదలైన ఎర్త్ సమిట్ బులెటిన్ సరైన మందు. రోజు చర్చల సారాన్ని రెండు పేజీల్లో చెప్పేది. మీ నోడ్‌లోనూ ఒకరు ఈ పని చేయాలి. వచ్చిన దాంట్లో పదింట తొమ్మిది పక్కన పెట్టి, మిగిలిన ఒక్కదాన్ని "ఇది మనకెందుకు" అనే మూడు వాక్యాలతో సహా ఆ ఊరి భాషలో రాయాలి.

రెండో కారణం, కంప్యూటర్ ఉన్న గది. తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది, నేర్చుకున్నది ఆ ఒక్కరే. ఆ మనిషి ఇంకో ఉద్యోగానికి వెళ్తే నోడ్ మూతపడుతుంది. కనీసం ఇద్దరికి నేర్పండి, అందులో ఒకరు మహిళ అయ్యేలా చూడండి. 1995 బీజింగ్ మహిళా సదస్సులో ఏపీసీ తరఫున ఈమెయిల్, ఇంటర్నెట్ సేవలు నడిపింది పూర్తిగా మహిళల బృందమే. మోడెమ్ పని మగవాళ్లదనే మాటకు ఇక చోటు లేదు.

మూడో కారణం, చివరి అడుగు తెర మీద ఆగిపోవడం. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కాస్త తర్వాతిది, మన పక్కనే ఉంది. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ పుదుచ్చేరి గ్రామాల్లో సమాచార కేంద్రాలు పెట్టింది. విల్లియనూర్‌లో సమాచారం సేకరించి తమిళంలోకి మార్చి ఊళ్లకు పంపేవారు. సముద్రపు ఒడ్డున వీరంపట్టిణంలో, అమెరికా నావికాదళం ఇచ్చే అలల ఎత్తు వివరాలను మైకులో చదివి వినిపించేవారు. కంప్యూటర్ ముట్టుకోని జాలరి కూడా ఆ రోజు వేటకు వెళ్లాలా వద్దా నిర్ణయించుకోగలిగాడు. మీ దగ్గర మైకు లేకపోతే నల్లబోర్డు, అదీ లేకపోతే వారం సంతలో అంటించే ప్రింటవుట్. ఏదైనా సరే, వార్త వచ్చిన రోజే బయటికి రావాలి.

అన్నీ వస్తున్నాయి, మన నుంచి ఏదీ వెళ్లడం లేదు

పంపడానికి కూడా డబ్బు కట్టాల్సి వస్తే ఎవరూ రాయరు. సంస్థల నుంచి వచ్చే ఉత్తరాల ఖర్చు నోడ్ భరించి, తెచ్చుకునే వాటికే వసూలు చేయడం ఒక దారి. ఏం రాయాలో తెలియకపోవడం ఇంకో అడ్డంకి. "మీ అనుభవాలు పంపండి" అంటే జవాబు రాదు. "ఈ వారం మీ సంతలో మొక్కజొన్న ధర ఎంత, సాయం లారీ వచ్చిందా" అంటే వస్తుంది.

పంపిన దానికి విలువ ఉంటుందా అని సందేహించేవారికి ప్రోమెడ్ గురించి చెప్పండి. అంటువ్యాధుల సమాచారం పంచుకోవడానికి 1994లో మొదలైన ఈ నెట్‌వర్క్ సాటెలైఫ్ యంత్రాల మీద నడిచింది. మరుసటి ఏడాది జైర్‌లోని (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) కిక్విట్‌లో ఎబోలా వ్యాపించినప్పుడు, దాని గురించిన సమాచారాన్ని ప్రపంచం నలుమూలల వైద్యులు దాని ద్వారా పంచుకున్నారు. మన దగ్గర 2008లో జహీరాబాద్ పక్కన మాచనూర్‌లో దళిత మహిళలు నడపడం మొదలుపెట్టిన సంఘం రేడియోలోనూ పల్లె తన మాట తానే చెప్పుకుంటోంది.

ఊరి నుంచి వచ్చిన ఉత్తరాన్ని దిద్ది, నున్నగా చేసి పంపకండి. తేదీ, ఊరు, చూసినదా విన్నదా అనే మూడు విషయాలు మాత్రం తప్పక చేర్పించండి. రాసినవారి పేరు బయటపడితే ప్రమాదమనిపిస్తే పేరు తీసేసి, నోడ్ పేరుతో పంపండి. జవాబు వచ్చిన రోజే దాన్ని ఆ ఊరికి చేర్చండి, లేకపోతే రెండో ఉత్తరం రాదు.