తప్పులున్న నాయకుడి ప్రేమ నవలకు సమీక్ష రాయడం ఎలా?

ప్రేమ నవల చివరి పేజీ తిప్పాక చాలామంది పాఠకుల మనసులో కథ కంటే ముందు నాయకుడే మెదులుతాడు. అతని మీద తగ్గని కోపమో, అంత చేసినవాణ్ని ఎలా క్షమించేశామా అన్న ఆశ్చర్యమో మిగులుతుంది. అందుకే ఒకే పుస్తకానికి ఒకరు ఐదు నక్షత్రాలిస్తే, ఇంకొకరు సగంలో పక్కన పడేశానని రాసి ఒక్క నక్షత్రంతో సరిపెడతారు. ఇద్దరూ రాసేది ఆ నాయకుడి గురించే అయినా, అతను చేసిన తప్పేమిటో, రచయిత్రి అతని చేత దానికి ఏ విధంగా బదులు చెప్పించిందో ఆ సమీక్షల్లో తరచుగా దొరకదు. ఆ రెండు విషయాలనూ పుస్తకంలోంచి వెలికితీసి, చదవబోయేవారికి పనికొచ్చే సమీక్షగా మలచడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

1. పుస్తకం ఏ మాట ఇచ్చిందో ముందుగా చూడండి

ఇంగ్లీషు ప్రచురణ రంగంలో 'రొమాన్స్' అన్న మాటకు స్థిరపడిన అర్థం ఉంది. కథకు కేంద్రం ప్రేమే అయి ఉండాలి, ముగింపు ఆశాజనకంగా, మనసుకు తృప్తినిచ్చేదిగా ఉండాలి. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్, 1949లో కెనడాలో పుట్టి 1971లో దాన్ని కొనుగోలు చేసిన హార్లెక్విన్ ఈ హామీ మీదే దశాబ్దాలపాటు పుస్తకాలు అమ్మాయి. చివరికి ఇద్దరూ కలుస్తారన్నది పాఠకురాలికి మొదటి పేజీలోనే తెలుసు కాబట్టి, ఆమె పేజీలు తిప్పేది ఎలా కలుస్తారో చూడటానికే. నాయకుడు ఎంత మూర్ఖంగా ప్రవర్తించినా ఆమె ఓపిక పడుతుందంటే కారణం ఆ హామీయే.

ఆ హామీ లేని పుస్తకాన్ని ప్రేమ నవల కొలతతో కొలిస్తే సమీక్ష పక్కదారి పడుతుంది. 2016లో వచ్చిన కొలీన్ హూవర్ నవల 'ఇట్ ఎండ్స్ విత్ అస్' ఇందుకు మంచి ఉదాహరణ. (ముగింపు తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఈ పేరాను దాటేయవచ్చు.) అందులో మొదట నాయకుడిలా కనిపించే వైద్యుడు భార్య మీద చెయ్యి చేసుకుంటాడు, ఆమె కూతురు పుట్టాక అతనితో విడిపోతుంది. అతను మారతాడని ఎదురుచూస్తూ చదివినవారికి ఆ పుస్తకం ఒకలా, ఆమె బయటపడుతుందా అని చదివినవారికి మరోలా అందింది. అందుకని అట్ట మీది బొమ్మనూ, వెనుక అట్ట మీది నాలుగు వాక్యాలనూ చదివి, మీరు ఏమి ఆశించి పుస్తకం తెరిచారో ఒక్క మాటలో రాసిపెట్టుకోండి.

2. తప్పును విశేషణాలు లేకుండా ఒక్క వాక్యంలో రాయండి

'అహంకారి', 'టాక్సిక్', 'పొసెసివ్' అన్నవి తీర్పులు. సమీక్షకు ముందుగా కావలసింది జరిగిన పని. ఒక ఊహాకథ తీసుకుందాం. ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారు. నాయికకు పుణెలో ఇంతకంటే పెద్ద ఉద్యోగం వచ్చినట్టు మెయిల్ వచ్చింది. ఆమె కాఫీ తేవడానికి వెళ్లినప్పుడు, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌లో నాయకుడు దాన్ని చూసి తొలగించాడు. ఆమె వెళ్లిపోతే తట్టుకోలేననే భయంతో చేశాడని రచయిత్రి ఆ తరువాతి పేజీలో చెబుతుంది. ఇక్కడ మీ వాక్యం 'ఆమెకు వచ్చిన ఉద్యోగపు మెయిల్‌ను ఆమెకు తెలియకుండా తొలగించాడు' అని ఉంటే చాలు. అతని భయం, అతని చిన్నతనంలో వదిలేసి వెళ్లిపోయిన తల్లి, ఆ రాత్రి అతనికి పట్టని నిద్ర, ఇవేవీ ఆ వాక్యంలోకి రానీయకండి. అవి కారణాలు, వాటికి వేరే చోటుంది.

ఇలా రాసి చూసుకుంటే, మాటల్లో పెద్దదిగా కనిపించిన తప్పు చిన్నదిగానూ, చిన్నదిగా కనిపించినది పెద్దదిగానూ తేలుతుంది. ముక్కుసూటిగా మాట్లాడి నలుగురిలో నాయికను నొప్పించిన నాయకుడి మీద మనకు మొదటి అధ్యాయంలోనే ఒళ్లు మండుతుంది గాని, ఆమె జీవితంలో అతను దేన్నీ చెడగొట్టలేదు. 'నీ మంచికే చేశాను' అంటూ ఆమె తరఫున నిర్ణయాలు తీసేసుకునే మర్యాదస్తుడు ఎంతో మృదువుగా మాట్లాడుతూనే ఆమె దారి మళ్లించేస్తాడు. నా మటుకు నాకు ఈ రెండో రకం నాయకుడే ఎక్కువ చికాకు పుట్టిస్తాడు. అయితే ఇది నా అభిరుచి మాత్రమేనని ఒప్పుకోవాలి.

3. మూల్యం ఎవరు చెల్లించారో లెక్క తీయండి

అసలు పని ఇక్కడ ఉంది. నాయకుడి పతనాన్నీ పశ్చాత్తాపాన్నీ చూపే ఘట్టాన్ని ఇంగ్లీషు పాఠకులు 'గ్రోవెల్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే కాళ్లబేరానికి రావడం. అది ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. అయితే వానలో తడుస్తూ గుమ్మం ముందు నిలబడటానికీ, చేసిన తప్పును సరిదిద్దడానికీ చాలా తేడా ఉంది. పాఠకులు క్షమించారా లేదా అన్నది తప్పు ఎంత పెద్దదన్నదాని కంటే, దాని ఖరీదు చివరికి ఎవరి మీద పడిందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా నమ్మకం.

నేటి రచయిత్రులు ఇప్పటికీ అనుసరించే నమూనా 1813 నాటిది. జేన్ ఆస్టిన్ రాసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో నాయకుడు డార్సీ మొదటి నృత్యవిందులోనే నాయిక ఎలిజబెత్‌ను, ఆమెకు వినబడేలా, తనను ఆకర్షించేంత అందగత్తె కాదని తీసిపారేస్తాడు. పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు కూడా ఆమె కుటుంబం తన స్థాయికి తగదని మధ్యలో గుర్తుచేస్తాడు, ఆమె నిర్మొహమాటంగా కాదంటుంది. ఇది 61 అధ్యాయాల నవలలో 34వ అధ్యాయం. అంటే మారడానికి డార్సీకి ఇంకా 27 అధ్యాయాలు మిగిలాయి. ఎలిజబెత్ చెల్లెలు లిడియా, డార్సీకి అందరికంటే గిట్టని వికమ్‌తో లేచిపోయినప్పుడు డార్సీ లండన్ వెళ్లి వారిని వెతుకుతాడు. ఒకప్పుడు తన సొంత చెల్లెల్ని మోసం చేయబోయిన ఆ మనిషితోనే కూర్చుని బేరమాడి, అతని అప్పులు తీర్చి పెళ్లి జరిపిస్తాడు. పైగా ఈ సంగతి ఎలిజబెత్ ఇంటివారికి తెలియకూడదని కోరతాడు. ఆమెకు అది 52వ అధ్యాయంలో, మేనమామ భార్య రాసిన ఉత్తరం ద్వారా తెలుస్తుంది.

ఇక్కడ గమనించవలసినది డబ్బు ఖర్చు కాదు. అతనికి డబ్బుకు కొదవ లేదు. దేని మీద అతనికి గర్వమో దాన్నే ఖర్చు చేయవలసి రావడం ఆ ఘట్టానికి బలం. ఆమె మెప్పు దొరుకుతుందన్న భరోసా ఏమీ లేకుండానే ఆ పని చేశాడు. 58వ అధ్యాయంలో మళ్లీ తన మనసు చెప్పేటప్పుడు, ఆమె ఒక్క మాట అంటే ఇక ఎప్పటికీ ఈ ప్రస్తావన తేనని ముందే చెబుతాడు. తనను కాదన్నప్పుడు ఆమె అన్న మాటలు ఇన్ని నెలలూ తనను ఎలా వేధించాయో తన నోటితోనే ఒప్పుకుంటాడు.

ఈ కొలతను మన మెయిల్ తొలగించిన నాయకుడికి పెట్టి చూడండి. అతను కోటీశ్వరుడైతే పూలగుత్తులూ వజ్రపుటుంగరాలూ అతనికి ఖర్చే కావు. అతను పుణె సంస్థకు స్వయంగా ఫోన్ చేసి జరిగినది చెప్పి, తన పరువు పోగొట్టుకుని, ఆమెకు ఆ అవకాశం తిరిగి వచ్చేలా చూసి, ఆమె వెళ్లిపోతే వెళ్లిపోనిచ్చాడా? అలాకాక, ఉద్యోగం ఎలాగూ పోయింది గనుక ఆమే సర్దుకుపోయి, అతని గతం విని కన్నీళ్లు పెట్టుకుందా? రెండో రకం ముగింపులో అతని తప్పుకు నాయికే రెండుసార్లు చెల్లించినట్టు. చాలామంది పాఠకులకు ఎక్కడో ఏదో వెలితిగా అనిపించడానికి మూలం ఇదే అయినా, దాన్ని 'ముగింపు హడావుడిగా ఉంది' అని రాసేసి ఊరుకుంటారు.

నిజంగా హడావుడిగా ఉన్న ముగింపులూ లేకపోలేదు, వాటిని అంకెలతోనే పట్టుకోవచ్చు. 300 పేజీల నవలలో నిజం బయటపడటం 255వ పేజీలో జరిగి, 'ఏడాది తరువాత' అనే చివరి అధ్యాయం 285లో మొదలైతే, సరిదిద్దుకోవడానికి మిగిలింది 30 పేజీలే. కిండిల్‌లో చదివేవారికి శాతం తెర అడుగునే కనిపిస్తుంది కాబట్టి ఈ లెక్క ఇంకా తేలిక. నిజం బయటపడిన చోటునూ, క్షమించిన చోటునూ గుర్తుపెట్టుకోండి.

4. ఎవరి కళ్లతో చూశారో గుర్తించండి

పాత తరం ప్రేమ నవలల్లో నాయకుడి మనసు చాలావరకు మూసిన తలుపే. అతను ఎందుకు కసురుకున్నాడో నాయికతోపాటు మనమూ ఊహించుకోవలసిందే. 'నవలా నాయకుడిలా ఉన్నాడు' అన్న మాట తెలుగులో వాడుకలోకి రావడానికి కారణమైన ఆ ఆరడుగుల, కారున్న, తక్కువ మాట్లాడే మగవాడు కూడా ఎక్కువగా బయటినుంచే కనిపించాడు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లోని రాజశేఖరాన్ని తలుచుకునే పాఠకులు ఇప్పటికీ ఉన్నారంటే, అతని మౌనంలో వారు నింపుకున్నది కూడా కొంత కారణమై ఉండాలి. అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలోని ఒక ఊరి పాఠకురాళ్లతో మాట్లాడి పరిశోధకురాలు జానిస్ రాడ్‌వే 1984లో ప్రచురించిన అధ్యయనం దీన్నే మరో వైపునుంచి చూపింది. నాయకుడి తొలి కరకుతనాన్ని, కథ చివరికి వచ్చాక, గాయపడిన ప్రేమగా తిరిగి అర్థం చేసుకునే అలవాటు ఆ పాఠకురాళ్లలో ఉందని ఆమె గమనించింది.

ఇప్పటి నవలల్లో ఒక అధ్యాయం ఆమె గొంతుతో, ఒకటి అతని గొంతుతో నడవడం మామూలైపోయింది. దీనివల్ల అతని బాధ మనకు నాయిక కంటే ముందే తెలిసిపోతుంది, మనం అతన్ని ఆమె కంటే ముందే క్షమించేస్తాం. ఆమె ఇంకా కోపంగా ఉంటే 'ఇంత మొండితనమెందుకు' అని ఆమె మీదే విసుక్కుంటాం. ఈ మాయ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. తప్పు జరిగిన తరువాతి రెండు మూడు సన్నివేశాలను, అతని గొంతుతో ఉన్న భాగాలు వదిలేసి, ఆమె భాగాలు మాత్రమే మళ్లీ చదవండి. ఆమెకు తెలిసినంతలో అతను క్షమించదగినవాడేనా అన్న ప్రశ్నకు అప్పుడు వచ్చే జవాబును సమీక్షలో రాయండి.

ధారావాహికగా చదివినవారి అనుభవం వేరుగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. వారపత్రికలో నాయకుడు చెంప ఛెళ్లుమనిపించిన దగ్గర 'సశేషం' పడితే ఏడు రోజులు అతన్ని తిట్టుకునే వీలుండేది. ఆన్‌లైన్ కథల వేదిక ప్రతిలిపిలో భాగాలుగా చదువుతున్నవారు ఆ తిట్లను ఆ భాగం కిందే రాస్తున్నారు. రాత్రికి రాత్రి పూర్తి చేసినవారికి అంత వ్యవధి ఉండదు.

5. మీ కోపాన్ని ఒక రాత్రి నిద్రపోనివ్వండి

ఇది చిన్న మెట్టే గాని దాటవేయకండి. నాకు బాగా కోపం తెప్పించిన ఒక పుస్తకానికి అర్ధరాత్రి సమీక్ష రాసి, మర్నాడు చదువుకుంటే అందులో సగం ఆ నాయకుడి గురించి కాదు, నాకు తెలిసిన ఒక మనిషి గురించి ఉంది. సొంత అనుభవం సమీక్షలోకి రావడం నేరం కాదు, అది వచ్చిందని చదివేవారికి ఒక వాక్యంలో చెప్పడం మర్యాద.

6. రాయండి, రాశాక తీర్పును వెనక్కి జరపండి

ముందుగా సాధారణంగా కనిపించే సమీక్ష ఒకటి చూడండి: 'హీరో పరమ టాక్సిక్. హీరోయిన్‌కు ఆత్మగౌరవం లేదు. ముగింపు నచ్చలేదు.' రాసినవారి కోపం తప్ప చదివేవారికి ఇందులో దొరికేదేమీ లేదు. పైన రాసుకున్న వివరాలతో దాన్నే ఇలా మార్చవచ్చు:

'నాయకుడు నాయికకు తెలియకుండా ఆమె జీవితంలో ఒక పెద్ద నిర్ణయం తీసుకుంటాడు. అది పుస్తకంలో ఎనభై శాతం దాటాక గాని బయటపడదు. ఆ తరువాత అతను క్షమాపణ బాగానే చెబుతాడు గాని, పోయినదాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నం చేయడు, సర్దుకునేది ఆమే. అతని గొంతుతో సాగే అధ్యాయాలు చాలా బాగున్నాయి, అందుకే పుస్తకం పూర్తి చేయగలిగాను. పశ్చాత్తాపం చాలు, పరిహారం అక్కర్లేదనుకునేవారికి ఇది నచ్చవచ్చు. నాకు సరిపోలేదు.'

ఇందులో తప్పు ఎలాంటిదో తెలిసింది, కథలోని గుట్టు మాత్రం బయటపడలేదు. నచ్చలేదన్న తీర్పు చివరికి జరిగింది, ఎవరికి నచ్చవచ్చో కూడా తెలిసింది. శారీరక హింస, బలవంతం, ఆత్మహత్య ప్రస్తావన వంటివి పుస్తకంలో ఉంటే మాత్రం గుట్టు గురించి ఆలోచించకుండా మొదటి వాక్యంలోనే చెప్పేయండి. అది తెలిస్తే చదవకుండా ఉండేవారికి ఆ సమాచారం పుస్తకం కొనకముందే కావాలి. నక్షత్రాలు అన్నిటికంటే చివర ఇవ్వండి. ముందుగా అంకె వేసేస్తే, రాసే ప్రతి వాక్యమూ దాన్ని సమర్థించుకునే పనిలో పడుతుంది.