క్రిటికల్ రీజనింగ్ పాఠాలు – 4: ఇన్ఫరెన్స్ ప్రశ్నలు

గత పాఠంలోని వీకెన్ ప్రశ్నల్లో ఆప్షన్లను నిజమని ఒప్పుకొని, అవి పాసేజ్‌లోని వాదనను ఎంతవరకు దెబ్బతీస్తాయో పరిశీలించాము. పాసేజ్‌ను బట్టి తప్పక నిజమయ్యే ఆప్షన్ ఏదో అడిగే ఇన్ఫరెన్స్ ప్రశ్నలో ఈ వరుస తిరగబడుతుంది: పాసేజ్‌లోని ప్రతి మాటనూ నిజమని ఒప్పుకోవాలి, పరీక్షకు నిలబడవలసినవి ఐదు ఆప్షన్లూ. ఎంబీఏ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన జీమ్యాట్ వెర్బల్ విభాగంలో 45 నిమిషాల్లో 23 ప్రశ్నలు చేయాలి కనుక, ప్రశ్న ఏ రకానిదో మొదటే గుర్తుపట్టకపోతే దానికి దక్కే రెండు నిమిషాల లోపు సమయం కాస్తా పాసేజ్‌లో లేని వాదనను వెతకడానికే ఖర్చయిపోతుంది.

ఇన్ఫరెన్స్‌కు తెలుగు మాట అనుమానం. మన వాడుకలో అనుమానం అంటే సందేహం. తర్కశాస్త్రంలో అది ఒక ప్రమాణం, అంటే సరైన జ్ఞానాన్ని ఇచ్చే సాధనం. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని చెప్పాలంటే, పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి ఉండాలి. అది ఒక్కచోట తప్పినా ఆ అనుమానం చెల్లదు. పరీక్ష మనల్ని అడిగేది ఈ రెండో అర్థంలోని అనుమానాన్నే.

ఈ పాసేజ్ చూడండి: ‘ఒక కంపెనీలో ఏడాది మొదట్లో ఉన్న ఉద్యోగుల్లో 40 శాతం మంది మూడేళ్ళ లోపు సర్వీసు ఉన్నవారు. ఆ ఉద్యోగుల్లో ఆ ఏడాది రాజీనామా చేసినవారిని లెక్కిస్తే, 60 శాతం మంది ఈ జూనియర్లే.’

జీతాలు చాలక జూనియర్లు వెళ్ళిపోతున్నారన్న ఆప్షన్ ఉద్యోగం చేస్తున్నవారిని ఇట్టే ఆకర్షిస్తుంది, ఎందుకంటే అది మనం రోజూ వినే మాట. కానీ పాసేజ్‌లో జీతం ఊసే లేదు. జూనియర్లలో ఎక్కువమంది రాజీనామా చేశారన్నది ఇంకా గట్టి వల. వెయ్యి మంది ఉద్యోగులు ఉన్నారనుకుంటే జూనియర్లు 400 మంది. మొత్తం రాజీనామాలు పదే అయితే వాటిలో జూనియర్లవి ఆరు. నాలుగు వందల్లో ఆరుగురు ఎక్కువమంది కారు గదా! పాసేజ్ నిజంగానే ఉంది, ఆప్షన్ అబద్ధమైంది. ఇలాంటి సందర్భం ఒక్కటి దొరికితే చాలు, ఆ ఆప్షన్‌ను కొట్టివేయవచ్చు.

జూనియర్ల రాజీనామా రేటు మిగతావారి రేటు కన్నా ఎక్కువ అన్న ఆప్షన్‌ను కూడా ఇలాగే పడగొట్టడానికి ప్రయత్నించండి. రాజీనామాలు వంద అయితే 400 మందిలో 60, అంటే 15 శాతం. మిగతా 600 మందిలో 40, అంటే 7 శాతం లోపే. సంఖ్యలను ఎటు మార్చినా మొదటి రేటు రెండోదానికి రెండుంబావు రెట్లుగానే ఉంటుంది. పడగొట్టలేకపోయాము కనుక అదే జవాబు.

‘అందరూ’, ‘ఎప్పుడూ’ వంటి గట్టి మాటలున్న ఆప్షన్లను చూడగానే కొట్టివేయమనే చిట్కాను నేను సమర్థించను. పాసేజ్ స్వయంగా ‘ఎవరూ’ అని ఉంటే ఆప్షన్ కూడా ‘ఎవరూ’ అనవచ్చు. మెత్తని మాటలను నిరూపించడం తేలిక, అంతవరకే.

అభ్యాసం: ఒక గ్రంథాలయ సభ్యుల్లో సగానికి పైగా పట్టభద్రులు, ఆ సభ్యుల్లోనే సగానికి పైగా అరవై దాటినవారు. (అ) పట్టభద్రులైన సభ్యుల్లో సగానికి పైగా అరవై దాటినవారు. (ఆ) సభ్యుల్లో అరవై దాటిన పట్టభద్రులు కనీసం ఒక్కరైనా ఉన్నారు. వంద మంది సభ్యులను ఊహించుకొని, రెండింటినీ పడగొట్టడానికి ప్రయత్నించండి. ఐదో పాఠం ఈ లెక్కతోనే మొదలవుతుంది.