మిట్టమధ్యాహ్నం పోర్ట్రెయిట్‌కి ఎన్‌డీ ఫిల్టర్

సోనీ ఏ7సీ లాంటి బుల్లి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఇందులో షట్టర్ తెరిచే మొదటి కర్టెన్ (తెర) ఎలక్ట్రానిక్, మూసే రెండోది మాత్రమే మెకానికల్. షట్టర్ వేగం 1/4000 సెకను దగ్గర ఆగిపోతుంది. మండుటెండలో ఐఎస్ఓ (వెలుతురుకు సున్నితత్వం) 100, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) బాగా తెరిచి ఎఫ్/1.4 పెడితే దాదాపు 1/12800 కావాలి. ఇక ఫొటో తెల్లగా పేలిపోక ఏమవుతుంది! పైగా 1/4000 లాంటి వేగంలో, వెనక ఆకుల మధ్య మెరిసే గుండ్రటి చుక్కలు ఒక పక్క కత్తిరించినట్టు వస్తాయి. లెన్స్ ముందు ఎన్‌డీ8 ఫిల్టర్ (వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లటి అద్దం) బిగించండి. 1/1600కి దిగొస్తారు, రెండు బాధలూ తగ్గుతాయి.

సైలెంట్ షట్టర్ (పూర్తిగా ఎలక్ట్రానిక్) ఉందిగా అంటారేమో. అదీ 1/8000 వరకే. ఊగే జడ వంకర్లు పోతుంది, ఫ్లాష్ వెలగదు, మండపంలో ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడొచ్చు. నేనైతే కదలకుండా కూర్చున్నవాళ్లకే వాడతాను. మామూలు షట్టర్‌తో ఫ్లాష్ పెట్టినప్పుడు హైస్పీడ్ సింక్ (ఎక్కువ వేగంలోనూ ఫ్లాష్ పనిచేసే సౌకర్యం) లేకపోతే 1/160 దాటకండి.