గ్రిప్ పలకని కారణం

గ్లాస్గోలో బ్యాగ్‌పైప్ (సంచిలోని గాలితో పలికే వాద్యం) నేర్చుకుంటున్న నాకు చాలాకాలం 'గ్రిప్' అనే స్వరాలంకారం సరిగా పలకలేదు. ఈ వాద్యంలో నాదం మధ్యలో ఆగదు కనుక, ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలన్నా నడుమ గ్రేస్ నోట్, అంటే క్షణంలో మెరిసి పోయే చిన్న స్వరం, తప్పనిసరి. మన వేణువులోలా నాలుకతో విడదీసే వీలు లేదు. గ్రిప్‌లో 'లో జీ' (రంధ్రాలన్నీ మూస్తే వచ్చే అట్టడుగు స్వరం), డీ గ్రేస్ నోట్, మళ్ళీ లో జీ వరుసగా రావాలి. నేను సీ స్వరం నుంచి లో జీకి దిగేటప్పుడు కుడిచేతి ఉంగరపు వేలు మధ్యవేలికంటే ఆలస్యంగా మూసుకోవడంతో, నడుమ అక్కరలేని స్వరమొకటి కీచుమనేది. లోపం వేగంలో ఉందనుకొని ఇంకా త్వరగా వాయించడం నా తెలివితక్కువతనమే.

చివరకు ప్రాక్టీస్ చాంటర్ (సంచి లేని సాధన గొట్టం) మీద, లయ చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు తగ్గించి, రెండు వేళ్ళూ ఒకేసారి రంధ్రాలను తాకేవరకు సీ, లో జీ మాత్రమే వాయించాను. తరువాతే చూపుడువేలిని స్వల్పంగా ఎత్తి డీ చేర్చాను. ఇప్పుడు రెండు లో జీలూ విడివిడిగా వినబడుతున్నాయి.