కుకీలు తుడిచినా వదలని బ్రౌజర్ వేలిముద్ర: సమస్య - పరిష్కారం

సమస్య: కుకీలన్నీ తుడిచేశా, ఇన్‌కాగ్నిటోలో తెరిచా, అయినా అవే యాడ్స్ వెంటపడుతున్నాయి.

కారణం: ముందు ఒకటి చూసుకోండి, ఏదైనా అకౌంట్‌లో లాగిన్ అయి ఉన్నారా? ఉంటే మిమ్మల్ని కనిపెట్టడానికి సైటు వాళ్లు పెద్దగా కష్టపడక్కర్లేదు, పేరు చెప్పి మరీ లోపలికి వెళ్లారు. ఐపీ అడ్రస్ కూడా కొంత పట్టిస్తుంది. అవి కాకపోతే ఫింగర్‌ప్రింటింగ్‌ని, అంటే మీ బ్రౌజర్ వివరాలన్నీ కలిపి వేలిముద్రలా వాడి గుర్తుపట్టడాన్ని, అనుమానించండి. ఇన్‌కాగ్నిటో చేసేదల్లా మూసేశాక మీ మెషీన్‌లో హిస్టరీ, కుకీలు మిగలకుండా చూడటమే. స్క్రీన్ సైజు, ఫాంట్లు, టైమ్ జోన్, భాష, గ్రాఫిక్స్ చిప్ వివరాలు సైటు అడిగితే చాలా బ్రౌజర్లు దాచకుండా చెప్పేస్తాయి. కొన్ని సైట్లు ఇంకో అడుగు ముందుకేసి, మీకు కనపడకుండా కాన్వాస్ (పేజీలో బ్రౌజర్ బొమ్మలు గీసే చోటు) మీద అక్షరాలతో ఓ చిన్న బొమ్మ గీయిస్తాయి, ఎందుకంటే అవే అక్షరాలు ఒక్కో మెషీన్‌లో పిక్సెళ్ల స్థాయిలో కాస్త తేడాగా పడతాయి. విడిగా ఏదీ గుట్టు కాదు, అన్నీ కలిస్తేనే వేలిముద్ర. 2010లో డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్‌ఎఫ్ 4,70,161 బ్రౌజర్లను పరీక్షించినప్పుడు 83.6 శాతానికి జోడీయే దొరకలేదు!

పరిష్కారం: ఫైర్‌ఫాక్స్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగానికి వెళ్లి ఎన్‌హాన్స్‌డ్ ట్రాకింగ్ ప్రొటెక్షన్‌ని స్ట్రిక్ట్‌లో పెట్టండి, చాలామందికి ఇది చాలు. బ్రేవ్ బ్రౌజర్‌లో రక్షణ ముందే ఆన్‌లో ఉంటుంది. సఫారీ మీరు అదనంగా వేసుకున్న ఫాంట్లను సైట్లకు చూపించదు. క్రోమ్ మామూలు సెట్టింగ్స్‌లో దీనికంటూ స్విచ్ లేదు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

సమస్య: ట్రాకింగ్ ఆపడానికి పది ఎక్స్‌టెన్షన్లు వేశా, వేలిముద్రను పరీక్షించే టెస్ట్ సైటు మాత్రం "మీరు ప్రత్యేకం" అంటోంది.

కారణం: ఆ పది ఎక్స్‌టెన్షన్లే కారణం. ఇక్కడ కావాల్సింది గుంపులో గోవిందా అనిపించుకోవడం, మీరేమో అందరూ మామూలు బట్టల్లో తిరిగే చోటికి పగటి వేషం వేసుకుని వెళ్తున్నారు. యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ సైటుకు చెప్పుకునే పరిచయం) మార్చే ఎక్స్‌టెన్షన్ "నేను విండోస్" అంటుంది, వెనకాల ఫాంట్లు చూస్తే మ్యాక్‌వి, అలాంటి కలయిక ఇంకెవరికి ఉంటుంది? నన్ను ట్రాక్ చేయొద్దని సైట్లకు చెప్పే డూ నాట్ ట్రాక్ ఆప్షన్ కూడా అంతే, సైట్లు దాన్ని పట్టించుకోకపోగా అది ఇంకో గుర్తుగా మిగిలింది, ఫైర్‌ఫాక్స్ 135లో ఆ ఆప్షనే తీసేశారు.

పరిష్కారం: తీసేయండి. యూబ్లాక్ ఆరిజిన్ లాంటి ఒక్క బ్లాకర్ ఉంచుకోండి, అది తెలిసిన ట్రాకింగ్ స్క్రిప్టులను లోడే కానివ్వదు కాబట్టి ఆ మేరకు నిజంగా పనికొస్తుంది.

సమస్య: ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగ్స్ పేజీ అబౌట్:కాన్ఫిగ్‌లో, వేలిముద్రను దాచే రెసిస్ట్‌ఫింగర్‌ప్రింటింగ్‌ని ట్రూ చేశాక టైమ్ తప్పు చూపిస్తోంది, ఫొటోలు గీతలు గీతలుగా అప్‌లోడ్ అవుతున్నాయి, క్యాప్చాలు విసిగిస్తున్నాయి.

కారణం: ఏదీ పాడవలేదు, అది చేయాల్సిన పనే చేస్తోంది. అందరికీ ఒకే టైమ్ కనపడాలని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) చెబుతుంది, కాన్వాస్ నుంచి అసలు బొమ్మ బదులు చెత్త డేటా ఇస్తుంది. నేనూ ఇది ఆన్ చేసి మర్చిపోయి, క్యాలెండర్‌లో మీటింగ్ టైమ్ తప్పు చూసుకుని, రెండ్రోజులు క్యాలెండర్‌నే తిట్టుకున్నా.

పరిష్కారం: ఫొటో సైటు ఒక్కటే ఇబ్బంది పెడుతుంటే అడ్రస్ బార్‌లో వచ్చే కాన్వాస్ ఐకాన్ నొక్కి దానికి మాత్రం అనుమతి ఇవ్వండి. రోజూ తలనొప్పిగా ఉంటే మళ్లీ ఫాల్స్ చేసి స్ట్రిక్ట్‌తో సరిపెట్టుకోవడమే నయం. గట్టి రక్షణ నిజంగా అవసరమైన పనికి అందరినీ ఒకేలా కనపడేలా చేసే టార్ బ్రౌజర్ విడిగా పెట్టుకోండి, దానికి ఎక్స్‌టెన్షన్లు తగిలించకండి, విండో సైజు కూడా కదపకండి.

సమస్య: బ్రేవ్‌లో కూడా టెస్ట్ "ప్రత్యేకం" అనే చెబుతోంది.

కారణం: బ్రేవ్ దారి వేరు, సైటు మారినా, బ్రౌజర్ మూసి తెరిచినా కొన్ని విలువలను కొద్దికొద్దిగా మార్చేస్తుంది. ఈ రోజు ప్రత్యేకమే, రేపటికి అదే ముద్ర ఉండదు. ఈఎఫ్‌ఎఫ్ టెస్ట్ సైటు కవర్ యువర్ ట్రాక్స్‌లో చూస్తే "ర్యాండమైజ్డ్" అని కనపడాలి, కనపడితే ఏమీ ముట్టుకోకండి.