పెరట్లో కాక్టస్ తోట: మొక్క వాడిపోతే ముందు నేలను చూడండి

పెరట్లో కాక్టస్ తోట వేద్దామనుకునేవాళ్లలో చాలామంది కోరేది ఒక్కటే: ఒకసారి వేశాక పెద్దగా పని ఉండకూడదు. అది జరిగే పనే. కాకపోతే ఆ తీరిక మొక్కను కొన్నంత మాత్రాన రాదు, నాటకముందు నేల మీద పెట్టిన శ్రమ వల్ల వస్తుంది. తర్వాత కనిపించే జబ్బుల్లో ఎక్కువ వాటికి మూలం మొక్కలో ఉండదు. దాని కిందో, చుట్టూనో ఉంటుంది. పైగా కాక్టస్ ఒంట్లో నీరు దాచుకునే మొక్క కాబట్టి, వేరు పాడైన సంగతి వారాల తర్వాత గానీ పైకి తెలియదు. అందుకే మందు సీసా తీసే ముందు నేల, నీరు, ఎండ ఈ మూడూ చూడండి.

మొదలు మెత్తబడింది, రంగు మారింది

కాండం మొదట్లో పసుపు, తర్వాత గోధుమ రంగు, ఆపైన నలుపు కనిపిస్తుంది. పుల్లతో నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఒక్కోసారి దుర్వాసన కూడా వస్తుంది. ఇది కుళ్లు. పైథియం, ఫైటోఫ్తోరా, ఫ్యుసేరియం లాంటి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు మట్టిలో మామూలుగానే ఉంటాయి. వేళ్ల చుట్టూ నీరు నిలిచి గాలి ఆడకపోతే వేరు బలహీనపడుతుంది, అప్పుడు అవి లోపలికి చొరబడతాయి. కాబట్టి శిలీంధ్రం మందు మాత్రమే పోసి ఊరుకుంటే అదే చోట మళ్లీ కుళ్లుతుంది.

ముందు మొక్కను కాపాడే పని. స్పిరిట్‌తో తుడిచిన పదునైన కత్తితో కుళ్లిన భాగానికి పైన కోయండి. కోసిన చోట మధ్యలో ఒక వలయం కనిపిస్తుంది. అందులో గోధుమ రంగు చుక్కగానీ ఎర్రటి మరకగానీ ఉంటే ఇంకా పైకి కోయాలి. ప్రతి కోతకూ కత్తి మళ్లీ తుడవాలి. శుభ్రమైన కండ వచ్చాక ఆ ముక్కను నీడలో, గాలి తగిలేచోట ఒకటి రెండు వారాలు ఆరబెట్టండి. లావు కాండమైతే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. కోత గట్టి పొరకట్టాక పొడి మట్టి మిశ్రమం మీద నిలబెట్టి, వేళ్లు వచ్చేదాకా నీళ్లు పోయకండి. గుండ్రటి మొక్క మొత్తం మెత్తబడిపోతే మాత్రం ఆశ వదులుకుని, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయడం మేలు.

అసలు మరమ్మతు నేలది. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. అది ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. రెండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ దిగితే ఆ నేలలో నేరుగా నాటకూడదు. 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున దిబ్బ పోసి దాని మీద నాటాలి. దిబ్బకు వాడే మిశ్రమంలో సగానికి పైగా రాయి సంబంధమైనదే ఉండాలి. 3 నుంచి 6 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు, సన్న కంకర, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), ముతక ఇసుక, వీటిలో ఏది దొరికితే అది వాడొచ్చు. మిగతాది తోట మట్టి, కొద్దిగా బాగా చివికిన కంపోస్టు. సన్నటి ఇసుక మాత్రం వద్దు. అది బంకమట్టి రేణువుల మధ్య ఖాళీలను పూడ్చేసి, ఆరాక రాయిలా గట్టిపడుతుంది.

ఇక్కడే రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, బంకమట్టిలో గొయ్యి తీసి అందులో మాత్రమే మంచి మిశ్రమం నింపడం. చుట్టూ ఉన్న మట్టి నీటిని పీల్చుకోదు కాబట్టి ఆ గొయ్యి తొట్టిలా నిండిపోతుంది. రెండోది, గొయ్యి అడుగున రాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం. సన్నటి మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా నానితే గానీ కింద ఉన్న రాళ్లలోకి దిగదు. అంటే వేళ్ల దగ్గర తడి తగ్గకపోగా పైకి జరుగుతుంది. ఆ రాళ్లను అడుగున పరిచే బదులు మట్టిలో కలిపేయండి.

చూరు నీళ్లు పడే చోటు, పచ్చిక మీద తిరిగే స్ప్రింక్లర్ తడి తగిలే చోటు కూడా వదిలేయాలి. నేల ఎంత బాగున్నా ఈ రెండు చోట్లా కుళ్లు తప్పదు.

ఒక్క హెచ్చరిక. ముదిరిన మొక్కల మొదలు గోధుమ రంగులోకి మారి బెరడు కట్టడం సహజం. నొక్కితే గట్టిగా ఉంటే అది వయసే, జబ్బు కాదు. దాన్ని కుళ్లు అనుకుని నిక్షేపంలాంటి మొక్కను కోసేయకండి.

కాండం ముడతలు పడింది

దీనికి ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైన రెండు కారణాలున్నాయి. నీళ్లు చాలకపోవడం ఒకటి, నీళ్లు ఎక్కువై వేళ్లు పోవడం రెండోది. ముడత చూడగానే బకెట్ ఎత్తితే రెండో రకం మొక్క చచ్చిపోతుంది. అందుకని పొడి పుల్ల ఒకటి 10 సెంటీమీటర్ల లోతుకు గుచ్చి, కాసేపు ఉంచి తీయండి. పుల్ల పొడిగా వస్తే దాహమే. వేళ్ల లోతుదాకా నానేలా ఒకసారి బాగా పోయండి. వారం లోపు మొక్క నిండుగా అవుతుంది. పుల్లకు తడి మట్టి అంటుకుని వచ్చినా, పోసిన వారానికి కూడా మొక్క తేరుకోకపోయినా వేళ్లలో లోపం ఉన్నట్టు. మొక్కను పైకి తీసి చూడాలి. నల్లగా, జారిపోయేలా ఉన్న వేళ్లు కత్తిరించి, ఆరబెట్టి, పొడి మట్టిలో మళ్లీ నాటాలి.

కొత్తగా నాటిన మొక్క కొంచెం ముడుచుకుంటే భయం లేదు. నాటేటప్పుడు తెగిన వేళ్లు మానడానికి వారం రోజులు నీళ్లు పోయకుండా ఆగడమే మంచిది. చలికాలంలో నీళ్లు మానేసినప్పుడు కనిపించే ముడత కూడా మామూలే.

నీళ్ల విషయంలో రోజుల లెక్క పెట్టుకోకండి. బాగా తడపాలి, పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తర్వాతే మళ్లీ పోయాలి. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వేరు పైపైనే ఉండిపోతుంది, మొదలు ఎప్పుడూ తడిగా ఉంటుంది. మొక్కకు ఓర్పు లేదేమోనని టెన్షన్ పడక్కర్లేదు. కాక్టస్‌లు సాధారణంగా పగలు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటాయి. అలా నీటిని పొదుపు చేసుకుంటాయి. మొదటి ఏడాది వేళ్లు పాతుకునేదాకా కాస్త చూసుకుంటే, ఆపైన వాన బాగా పడే చోట విడిగా నీళ్లు పోయాల్సిన పని చాలా తక్కువ.

చాలాకాలం ఎండబెట్టి ఒక్కసారిగా ముంచెత్తితే మాత్రం కాండం నిలువునా పగులుతుంది. నత్రజని ఎక్కువున్న ఎరువు వేసినా కండ లేతబడి ఇలాగే చీలుతుంది. పగులు పొడిగా ఉంటే దానంతట అదే మానుతుంది. మచ్చ మిగులుతుంది, అంతే.

ఒకవైపు తెల్లబడింది, లేదా కొస సన్నబడి సాగింది

రెండూ వెలుగు సమస్యలే. మధ్యాహ్నం ఎండ తగిలే వైపు మాత్రమే పాలిపోయి, తర్వాత గోధుమ రంగు పెచ్చు కడితే అది ఎండదెబ్బ. నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి తిన్నగా మండుటెండలో పెట్టడం వల్ల వస్తుంది. ఎండలో పుట్టి పెరిగే జాతి అయినా సరే, అలవాటు కావాలి. నాటాక రెండు మూడు వారాలు 30 నుంచి 50 శాతం నీడనిచ్చే నెట్ కట్టి, నెమ్మదిగా తీసేయండి. కుండీలో ఎండ వైపు ఉన్న పక్కకు గుర్తు పెట్టుకుని, నేలలో కూడా అదే దిక్కుకు నాటితే దెబ్బ ఇంకా తగ్గుతుంది. పడిన మచ్చ పోదు, కొత్త పెరుగుదల శుభ్రంగా వస్తే చాలు.

కొస సన్నగా, లేత రంగులో పొడుగ్గా సాగితే వెలుగు చాలడం లేదు. సన్నబడిన భాగం మళ్లీ లావెక్కదు. నిలువుగా పెరిగే రకాల్లో అక్కడిదాకా కోసి, ఆ ముక్కను వేరుగా నాటుకోవచ్చు. మొక్క చోటు మాత్రం మార్చక తప్పదు. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ వచ్చే చోటు చూడండి. పెద్ద చెట్టు కింద కాక్టస్ తోట వద్దని నేను గట్టిగా చెబుతాను. నీడ సంగతి అటుంచితే, రాలిన ఆకులు ముళ్ల మధ్య ఇరుక్కుని తడిని పట్టి ఉంచుతాయి. వాటిని ఏరడమే ఓ పెద్ద పని.

తెల్లటి దూది, తుప్పు రంగు గరుకు

ముళ్ల మొదట్లో దూదిలాంటి ముద్దలు కనిపిస్తే పిండినల్లి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. వారానికోసారి చొప్పున, కొత్తవి కనిపించడం ఆగేదాకా చేయాలి, ఎందుకంటే గుడ్లు తర్వాత పొదుగుతాయి. ఎండ తగ్గాక చేయడం మంచిది. చీమలు బారులు కడుతుంటే వాటినీ ఆపాలి. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం అవి దాన్ని కాపలా కాస్తాయి. పైన ఏమీ లేకపోయినా మొక్క ఎదగకుండా నిలిచిపోతే వేళ్లు చూడండి. వేళ్లకు తెల్లటి పొడి అంటి ఉంటే వేరును పట్టిన పిండినల్లే. కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటాలి.

నాగజెముడు రెమ్మల మీద దూదిని నలిపితే ఎర్రటి రసం వస్తే అది కోకినీల్ పురుగు. కార్మైన్ అనే ఎర్ర రంగు దీని నుంచే తీస్తారు. గట్టి నీటి ధారతో కొట్టి కడిగేస్తే చాలావరకు తగ్గుతుంది. బాగా పట్టిన రెమ్మలు కోసేయండి.

కొస దగ్గర తుప్పు రంగు గరుకు, సన్నటి గూడు ఉంటే ఎర్రనల్లి. వయసు బెరడు మొదలు నుంచి పైకి వస్తుంది, ఎర్రనల్లి దెబ్బ ఎక్కువగా లేత కొసలోనే కనిపిస్తుంది. ఈ ఒక్క తేడాతో రెండిటినీ గుర్తుపట్టవచ్చు.

కలుపు ఆగడం లేదు

తోట వేసినవాళ్లు విసిగిపోయి వదిలేసేది దీనివల్లే. మామూలు మడిలో చెయ్యి పెట్టి పీకేస్తాం, ముళ్ల మధ్య ఆ వీలుండదు. తుంగ, గరిక ఉన్న నేలలో తొందరపడి నాటకండి. తుంగ గడ్డలు, గరిక వేళ్లు తవ్వి ఏరి, తడిపి, మళ్లీ మొలిచినవి తీసి, ఇలా నేల శుభ్రపడిందన్న నమ్మకం కలిగాకే నాటండి. ఒక సీజన్ ఆలస్యమైనా నష్టం లేదు. నాటాక 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన కంకర పరచండి. కింద ప్లాస్టిక్ షీటు వేస్తే నీరు, గాలి ఆడవు. కలుపు నిరోధక గుడ్డ కూడా నాకు నచ్చదు. కొన్నాళ్లకు దాని మీద దుమ్ము చేరి అక్కడే కలుపు మొలుస్తుంది, వేళ్లు గుడ్డలోకి అల్లుకుని పీకడం మరింత కష్టం. రంపపు పొట్టు, ఎండాకులు కప్పడం కాక్టస్‌కు పనికిరాదు, మొదలు దగ్గర తడి నిలుస్తుంది.

మొక్కల మధ్య చెయ్యి దూరేంత ఖాళీ వదలండి. మొదట్లో బోసిగా అనిపిస్తుంది, అయినా ఫరవాలేదు. పొడుగాటి పట్టకారు ఒకటి కొనిపెట్టుకోండి.

పక్కపక్కనే ఉన్నా ఒకటి బాగుంది, ఒకటి పోతోంది

కాక్టస్‌లన్నీ ఎడారివి కావు. ఎపిఫిల్లం, రిప్సాలిస్, క్రిస్మస్ కాక్టస్ అడవిలో చెట్ల కొమ్మల మీద పెరిగేవి. వాటికి వడకట్టిన వెలుగు, కొంచెం తేమ కావాలి. ఎండ కోరే గోల్డెన్ బారెల్ లాంటి రకం పక్కన నాటితే ఏదో ఒకటి బాధపడుతుంది. ఎరుపు, పసుపు రంగు తలతో అమ్మే మూన్ కాక్టస్ అంటుకట్టింది. పై భాగంలో పత్రహరితం లేదు కాబట్టి అది మండుటెండకు ఆగదు, ఎక్కువ కాలం బతకదు కూడా. దాన్ని దిబ్బ మీద కాకుండా కుండీలో ఉంచండి.

ముళ్లున్నా గాటు పెడితే ధారగా తెల్లటి పాలు కారేది చాలాసార్లు కాక్టస్ కాదు, యుఫోర్బియా అనే వేరే మొక్క. ఆ పాలు కళ్లలో పడితే ప్రమాదం. కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

పూలు రావడం లేదు

ముందు వయసు అడగండి. మామిల్లేరియా చిన్నప్పుడే పూస్తుంది. గోల్డెన్ బారెల్ చాలా ఏళ్లు పెరిగి పెద్దదైతే గానీ పూయదు. వయసు వచ్చినా పూయకపోతే ఎండ చాలదేమో, నత్రజని ఎక్కువైందేమో చూసి, చల్లని నెలల్లో నీళ్లు, ఎరువు రెండూ ఆపండి. చాలా రకాలకు ఆ విశ్రాంతి ఉంటేనే మొగ్గ కడుతుంది.

నాగజెముడు తోటంతా పాకింది

రాలిన ప్రతి రెమ్మా నేల తగిలితే వేరేస్తుంది. అందుకే దీన్ని దారికి కనీసం ఒక మీటరు దూరంగా, ఓ మూలన నాటాలి. దీని సన్నటి నూగుముళ్లు కంటికి ఆనవు గానీ చర్మంలో దిగితే రోజుల తరబడి బాధిస్తాయి. పట్టకారుతో రెమ్మను పట్టుకుని మొదలు దగ్గర కోయండి. కోసినవి బయట ఖాళీ స్థలంలో పారేయకండి. ఆస్ట్రేలియాలో ఇలా తెచ్చి నాటిన నాగజెముడు కోట్ల ఎకరాలు ఆక్రమించింది. 1926 నుంచి అర్జెంటీనా నుంచి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ పురుగును వదిలాక గానీ అది అదుపులోకి రాలేదు. కోసిన రెమ్మలను సంచిలో కట్టి, పూర్తిగా ఎండి చచ్చేదాకా మట్టి తగలకుండా గచ్చు మీద ఉంచి, ఆ తర్వాత చెత్తలో వేయండి.