నవలలు వదలకుండా యుద్ధ చరిత్ర చదవడం ఎలా

నాకు నవలల పిచ్చి. యుద్ధ చరిత్ర జోలికి వెళ్లిందీ నవల వల్లే. టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’లో కథానాయకుడు పియర్ తెల్ల టోపీ పెట్టుకుని, 1812లో నెపోలియన్ సేనకీ రష్యా సేనకీ మాస్కో దారిలో జరిగిన బొరొడినో పోరులో ఫిరంగుల మధ్య తిరుగుతుంటే, ఇదంతా నిజంగా ఎలా జరిగిందోనన్న దురద పట్టుకుంది. ఆ ఊపులో నెపోలియన్ యుద్ధాలన్నీ కలిపిన లావుపాటి పుస్తకం ఒకటి మొదలుపెట్టి, యాభయ్యో పేజీలో చేతులెత్తేశాను. పేజీకి పదిమంది జనరళ్లు, ఒక్కడి ముఖమూ గుర్తుండదు.

అందుకే మొత్తం యుద్ధం మీద పడకండి. మీ నవలలో ఉన్న ఒక్క పోరు, వీలైతే ఒక్క రోజు పట్టుకోండి. అప్పటికే ఆ మనుషులు మీకు తెలుసు కాబట్టి నేల, వాన, లెక్కలు వాళ్ల చుట్టూ వచ్చి చేరతాయి.

పుస్తకం ఎంచేటప్పుడు అట్ట మీద పొగడ్తలు నేను చూడను. మధ్యలో ఒక పేజీ తెరిచి, అందులో వచ్చిన ఊరో వాగో పుస్తకంలోని మ్యాపులో ఉందా అని వెతుకుతాను. మూడు పేర్లలో రెండు దొరక్కపోతే ఆ పుస్తకం నాకొద్దు.

తేదీలతో జాగ్రత్త. బొరొడినో పోరు ఒకచోట 1812 ఆగస్టు 26, ఇంకోచోట సెప్టెంబరు 7 అని ఉంటే, రెండు వేరు వేరు పోరాటాలనుకుని ఒక సాయంత్రమంతా నోట్సు రాశాను. తీరా చూస్తే రష్యావాళ్లది పాత క్యాలెండరు, అప్పటికి తేడా 12 రోజులు! నష్టాల లెక్కలూ అంతే. ‘క్యాజువల్టీలు’ అంటే చచ్చిపోయినవాళ్లే కాదు, గాయపడ్డవాళ్లూ గల్లంతైనవాళ్లూ కూడా. ఎవరి నష్టం వాళ్ల రికార్డుల్లోనే వెతకండి. ఎదుటివాడి శవాలు లెక్కపెట్టేటప్పుడు ఎవరి చెయ్యీ చిన్నది కాదు.

ఇక నాకు కళ్లు తెరిపించింది 1869లో ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ మినార్ గీసిన పటం. 1812లో రష్యా మీదికి వెళ్లిన నెపోలియన్ సేనని ఒక పట్టీలా గీశాడు, వెడల్పులో ఒక మిల్లీమీటరుకి 10 వేలమంది. రష్యా సరిహద్దులోని నీమన్ నది దగ్గర 4,22,000. పెన్సిలు మొన ఆనించి నడిచాను. మాస్కో చేరేసరికి లక్ష! దారిలో పక్కలకి పంపిన దళాలని తీసేసినా, ఇంకా మంచు పడకముందే సగానికి పైగా పోయారు. రోగాలు, ఆకలి, ఎండ, పారిపోవడం. చలే మింగేసిందని నవలల్లో నేర్చుకున్న నా జ్ఞానం అక్కడే తేలిపోయింది. తిరుగుదారి నల్ల పట్టీ బెరెజీనా నది దాటేటప్పుడు 50 వేల నుంచి 28 వేలకి సన్నబడుతుంది. చివర మిగిలింది 10 వేలు. ఇలాంటి పటం ఒకటి దొరికితే, వ్యాసాలు తర్వాత చదువుకోవచ్చు.

సైనికుల జ్ఞాపకాలు తప్పకుండా చదవండి, కానీ ఒంటరిగా కాదు. పొగలో నిలబడ్డవాడికి పక్కవాడి భుజం తప్ప ఏమీ కనిపించదు. పక్కనే ఒక చరిత్ర పుస్తకం తెరిచి పెట్టుకోండి.

మరి నవలని నమ్మొచ్చా? టాల్‌స్టాయ్ పుట్టింది 1828లో, అంటే బొరొడినో ముగిసిన పదహారేళ్లకి. కానీ ఆయన క్రిమియా యుద్ధంలో, సెవాస్తపోల్‌లో ఫిరంగి దళ అధికారి. అందుకే గుండు పడ్డప్పటి భయం విషయంలో ఆయన్ని నమ్ముతాను. సేనానుల వల్ల ఏమీ కాదన్న ఆయన వాదనని మాత్రం వాదనగానే తీసుకుంటాను. మొన్న ఆ అధ్యాయాలు మళ్లీ చదివాను, ఈసారి మ్యాపు పక్కన పెట్టుకుని. పియర్ ఎక్కిన దిబ్బ రయేవ్‌స్కీ బ్యాటరీ, అంటే ఫిరంగులు మోహరించిన చోటు, రష్యన్ వరస నడిమధ్యన. పాపం, సరిగ్గా అక్కడికే వెళ్లి కూర్చున్నాడు.